శుక్రవారం నాటి ముక్క

బిల్లరంగ్‌లో మాంసం కొట్టు నడుపుకుంటూ స్కల్లీ వాళ్ల పిల్లని చేసుకోవడమంటే ఏరికోరి తంటా తెచ్చుకోవడమే. ఆ మాట క్లెమ్ ట్రెగియర్‌కి ఊరంతా చెప్పింది. చెప్పినవాళ్లలో సగం మంది మెథడిస్టులు, అతని వైపువాళ్లు. మిగతా సగం కతోలికులు, ఆ పిల్ల వైపువాళ్లు. రెండు వైపులా ఒకే మాట మీద ఉండటం ఆ ఊళ్లో అదే మొదలు, బహుశా అదే ఆఖరు కూడా.

పిల్ల అసలు పేరు హనోరా. ఊరందరికీ నోనీ. స్కల్లీ వాళ్లింట్లో శుక్రవారమంటే శుక్రవారమే. ఏడాది పొడవునా శుక్రవారం పూట మాంసం ముట్టకపోవడం ఏ కతోలికుల ఇంట్లోనైనా ఉన్నదే. తపస్సు కాలం వచ్చిందంటే మాత్రం నోనీ వాళ్లమ్మకి పూనకం వచ్చేది. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా, శుక్రవారం నాడు మాంసం వండిన పెనాన్ని కూడా పొయ్యెక్కనిచ్చేది కాదు ఆవిడ. కొవ్వు వాసన పీల్చినా పాపమేననేది. ఒకసారి తనే జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడి ఉంటే, పక్కింటావిడ జాలిపడి కోడి చారు కాచి పట్టుకొచ్చింది. "ఇవాళేం వారమో తెలుసా?" అని అడిగి మరీ వెనక్కి పంపింది మహాతల్లి. రోగులకి ఉపవాసం లేదు కదమ్మా అని నోనీ గొణిగితే, "ఉపవాసం వేరు, మాంసం వేరు. ఉపవాసమంటే తక్కువ తినడం, దానికి సడలింపుంది. ముక్క మాట ఎత్తకు," అంది. అలాగని ఏ ఫాదర్ చెప్పాడో అడిగే దమ్ము ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నోనీకి పాలతో పాటే ఆ మాటా వంటపట్టింది.

అలాంటి ఇంటికి అల్లుడు కావడానికి క్లెమ్ మతం మారాడు. జ్ఞానోపదేశం బుద్ధిగా అప్పజెప్పాడు, నెత్తిన జ్ఞానస్నానం నీళ్లు పోయించుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. "నీకోసం కాకపోతే ఎవరికోసం మారతాను, పోప్‌గారి కోసమా?" అని నోనీ మొహం మీదే అనేవాడు. ఆదివారం పూజకి వెళ్లి ఆఖరి బెంచీలో చేరి, ప్రసంగం మొదలవగానే కునుకు తీసేవాడు. నోనీ మోచేత్తో పొడిస్తే, "వింటున్నానే, కళ్లు మూసుకుంటే బాగా వినబడుతుంది," అనేవాడు.

శుక్రవారం కొట్లో పొద్దుగూకేదాకా ఈగలు తోలుకోవడమే. కొనేవాళ్లలో ఎక్కువమంది కతోలికులాయె. సాయంత్రం ఇంటికొస్తే బల్ల మీద డబ్బా చేపో, ఉడికించిన గుడ్లో, జున్ను వేసిన మాకరోనీయో.

"మీ పోప్‌గారు పొద్దున్న కొట్లో నా పొట్ట కొట్టాడు, సాయంత్రం ఇంట్లో నా పొట్ట మాడుస్తున్నాడు. నామీద ఆయనకంత పగేమిటి నోనీ?"

"మాట్లాడకుండా తిను."

"అయినా చేప మాంసం కాదేమిటి? అదేమన్నా చెట్టుకి కాస్తుందా?"

"తింటావా, తీసేయనా?"

తినేవాడు. అన్నేళ్లలో ఒక్కసారే తప్పాడు. పెళ్లైన కొత్తలో, మెథడిస్టు చుట్టాలింట్లో ఎవరో పళ్లెంలో సాసేజ్ పెడితే, మొహమాటానికి తినేశాడు. ఇంటికొచ్చి అదో తమాషాలాగా చెప్పాడు. నోనీ నవ్వలేదు, తిట్టనూలేదు. వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుని, బిడ్డ పోయిన తల్లిలా ఏడ్చింది. శనివారం క్లెమ్ వెళ్లి, ఫాదర్ ముందు తప్పు ఒప్పుకుని, పాపసంకీర్తనం చేసి వచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అప్పుడు తెలిసింది అతనికి, ఇది ఈమెకి పంతం కాదు, భయం అని. మళ్లీ ఎప్పుడూ తప్పలేదు. ఎగతాళి మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

ఆ భయాన్ని ఇంకా పెద్దది చేసి పోయింది వాళ్లమ్మ. పోయే ముందు కూతురి చెయ్యి పట్టుకుని, "మీ ఆయన మంచివాడేనే. కాదనను. కానీ మన మతం అతనికి చొక్కా, చర్మం కాదు. చావు దగ్గర విప్పేస్తాడేమో చూసుకో," అంది. చావబోతున్న మనిషి కన్నకూతురితో అనాల్సిన మాటేనా అది? కానీ అంది. నోనీ దాన్ని దాచుకుంది. వాళ్లకి పిల్లలు పుట్టలేదు. ఈ లోకంలో అతనికి ఆమె, ఆమెకి అతను. పై లోకంలో కూడా అంతే కావాలని ఆమె ఆశ. చావైన పాపం, అంటే శుక్రవారం ముక్క తినడం లాంటి పెద్ద పాపం, ఒంటిమీద ఉండగా పోతే నరకమని చిన్నప్పట్నుంచి నేర్చుకున్న మనిషి. అక్కడ ఇద్దరూ చెరో వైపు పడితే ఎలాగని, పూజలో అతను కునుకు తీస్తున్నప్పుడల్లా ఆమెకి గుండెల్లో రాయి పడేది.

కొన్నేళ్లకి క్లెమ్‌కి కడుపులో గడ్డ లేచింది. పట్నం ఆసుపత్రిలో కోసి చూశారు, మళ్లీ కుట్టేసి ఇంటికి పంపేశారు. కొట్టు అమ్మేశారు. దూడని ఒంటిచేత్తో ఎత్తి కొక్కేనికి తగిలించిన మనిషి, మంచం మీద దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనంతగా కరిగిపోయాడు. తపస్సు కాలం మొదలయ్యేసరికి తిండి పూర్తిగా మానేశాడు. ఏది పెట్టినా, "తర్వాత తింటాలే," అనేవాడు. ఆ తర్వాత అన్నది రాలేదు. నోనీ చారులు కాచింది, జావలు కాచింది, చెంచాతో పెదవులు తడిపింది. పళ్లేలు తీసుకెళ్లినవి తీసుకెళ్లినట్టే వెనక్కి తెచ్చింది. అతన్ని వదిలి ఆదివారం పూజకి కూడా వెళ్లలేకపోయింది.

ఆ బుధవారం ఫాదర్ కినేన్ ఇంటికొచ్చాడు. కుర్ర ఫాదర్, ఊరికి కొత్త. పాపసంకీర్తనం వినేటప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదు కాబట్టి నోనీ వెనక వరండాలోకి వెళ్లి కూర్చుంది. ఫాదర్ పిలిచాక లోపలికొచ్చి, అవస్థలో ఉన్నవాళ్లకి నూనె రాసే అవస్థాభ్యంగనానికి మోకరించింది. నూనె రాసిన క్లెమ్ నుదురు చూసి ఆమెకి ఎంత నిశ్చింత కలిగిందో చెప్పలేను. అంతా కడిగేశారు. ఇప్పుడు పోయినా సరే, తిన్నగా పోతాడు.

గురువారం సాయంత్రం చెల్లెలు ఫిలొమీనా వచ్చింది. ఫిల్ మొగుడికి ఊరి బయట గొర్రెలున్నాయి. ఎముకతో కోసిన గొర్రెమాంసం ముక్కలు, చాప్స్, కాగితంలో చుట్టి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది.

"లేత పిల్లది అక్కా. బావకి ఒక ముక్కైనా దిగుతుందేమో చూడు."

"ఏం దిగుతుందే. నీళ్లే దిగట్లేదు."

"ఏమో, చూడు. రేపు గుడి వెనక హాల్లో ప్యాట్రిక్ పండుగ వంట మొత్తం నా నెత్తినే పడింది. ఊపిరి సలపదు. సాయంత్రం వస్తాలే," అని వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది.

ఆ ఏడాది, ఐరిష్‌వాళ్లు ఆకుపచ్చ కట్టుకుని చేసుకునే పునీత ప్యాట్రిక్ పండుగ తపస్సు కాలం శుక్రవారం నాడు వచ్చింది. అలా ఎప్పుడో గాని రాదు. పోయినసారి వచ్చినప్పుడు, పండుగ పూటైనా మాంసం తిననివ్వండని ఊళ్లో ఐరిష్ పెద్దలందరూ బిషప్‌గారి దగ్గరికి వెళ్లారు. ఆ బిషప్‌గారు నిప్పు. "ప్యాట్రిక్‌గారే నోరు కట్టుకుని బతికాడు, మీకేం రోగం?" అని తిట్టి పంపేశారు. హాల్లో విందు చేపలతోనే జరిగింది. ఆ ఆకుపచ్చ తోరణాల కింద కూర్చుని చేపముళ్లు ఏరుకుంటూ క్లెమ్ వేసిన జోకులు ఊరు చాన్నాళ్లు చెప్పుకుంది. కాబట్టి ఈసారి కూడా అంతేనని నోనీ అనుకుంది. అసలు అనుకునేదాకా కూడా రాలేదు. శుక్రవారం శుక్రవారమే, ఇక ఆలోచించేదేముంది.

తెల్లవారింది. వేసవి వెళ్లిపోయే మార్చి నెలైనా ఎండ తగ్గలేదు. ఆ వీధి చివరే ఉన్న గుడి బడి పిల్లలు ఆకుపచ్చ రిబ్బన్లు కట్టుకుని ఊరేగింపుకి వెళుతుంటే ఆ గోల వీధిలో వినబడింది. కాసేపటికి తెరిచిన కిటికీలోంచి మాంసం కాలుతున్న వాసన వచ్చింది, నూనె కారుతూ, రోజ్‌మేరీ ఆకు వేసి కాలుస్తున్న మాంసం. పక్కన పెన్రోజ్ వాళ్లు మెథడిస్టులు, శుక్రవారం పట్టింపు లేనివాళ్లు. వాళ్ల పనే అనుకుంది నోనీ. తిట్టుకుంటూ దుప్పట్లు మడత పెడుతోంది.

"నోనీ. ఆకలేస్తోంది."

ఆమె చేతిలో దుప్పటి అలాగే వదిలేసి మంచం దగ్గరికి వచ్చింది. క్లెమ్ కళ్లు తెరిచి ఉన్నాయి. తేటగా ఉన్నాయి.

"నిజంగానా?"

"ఏం, ఆకలంటే ఏమిటో మర్చిపోయావా? నేనూ మర్చిపోయాననుకున్నా. ఇప్పుడే జ్ఞాపకమొచ్చింది."

ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. "కస్టర్డ్ చేస్తా. లేకపోతే గుడ్డు ఉడకబెట్టనా, మెత్తగా? బ్రెడ్డు పాలలో నానబెట్టి..."

"పాలూ బ్రెడ్డూ పిల్లికి పెట్టుకో. నిన్న ఫిల్ ఏదో తెచ్చిందిగా, కాగితం చప్పుడు విన్నాలే. చాప్ ఒకటి కాల్చు. పెనం పొగలు రావాలి. ముందు కొవ్వు అంచు నిలబెట్టి కాల్చు, ఆ నూనెలోనే అటూ ఇటూ తిప్పు. ఉప్పు ఆఖర్న వెయ్యి. నువ్వెప్పుడూ ముందే వేస్తావు."

నోనీ మొహంలో సంతోషం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఇవాళ శుక్రవారం క్లెమ్."

"ఆ సంగతి నాకు తెలుసు." అతని కళ్ల కొసల్లో పాత చిలిపితనం కదిలింది. "ఒక్క ముక్కే. నమిలి ఉమ్మేయమంటే ఉమ్మేస్తాను."

"తపస్సు కాలం శుక్రవారం."

"ప్యాట్రిక్ పండుగ కూడా."

"పండుగైతే? పోయినసారి పండుగకి చేపలు తినలేదూ నువ్వు? బిషప్ పెట్టిన చీవాట్లు ఊరంతా తినలేదూ?"

"భలేదానివే నోనీ. చచ్చేవాడి దగ్గర కూడా వారం వర్జ్యం చూస్తావా?"

ఆ మాట అంతవరకూ వాళ్లిద్దరి మధ్య ఎవరూ అనలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచి, ఈస్టర్‌కి లేచి తిరుగుతావనీ, చలికాలానికి కొత్త కోటు కుట్టించాలనీ, ఇలాంటి కబుర్లే చెప్పుకుంటూ వచ్చారు. చచ్చేవాడు అనగానే నోనీ మంచం అంచున కూలబడింది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఇన్నేళ్లూ నేను నిన్నెందుకు సాధించానో తెలుసా నీకు? మా అమ్మ మెప్పు కోసం కాదు. ఊరు ఏమనుకుంటుందోనని కాదు. పైన మా అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు, స్కల్లీలందరూ ఉంటారు. నాకు వాళ్లెవరూ అక్కర్లేదు క్లెమ్. నువ్వు కావాలి. మొన్న ఫాదర్ వచ్చి అంతా కడిగి వెళ్లాడు. ఇవాళ ఆ ముక్క తిని, ఇవాళే ఏదన్నా జరిగితే? ఫాదర్ ఊరేగింపులో ఎక్కడున్నాడో, పిలిస్తే ఎప్పటికి వస్తాడో. ఆ పాపంతో నువ్వు వెళ్లిపోతే, ఆ తర్వాత నేను నిన్నెక్కడని వెతుక్కోను?"

వాళ్లిద్దరూ అలాంటి మాటలు మాట్లాడుకునే రకం కాదు. పెళ్లికి ముందు కూడా మాట్లాడుకోలేదు. క్లెమ్ ఏదో అనబోతూ నోరు తెరిచినవాడు అలాగే ఉండిపోయి ఆమె వంక చూశాడు. చాలాసేపు చూశాడు. అతని కళ్లలో చిలిపితనం పోయింది. చెయ్యెత్తి ఆమె చెంప తుడవబోతే అందలేదు. ఆమే వంగింది.

"సరే," అన్నాడు.

"కోపమొచ్చిందా?"

"కోపమెందుకే పిచ్చిదానా. రేపు పొద్దున్నే పెట్టు."

"రేపు లేవగానే పెడతా. నీళ్లు కూడా తాగకముందే పెడతా."

"రెండు పెట్టు మరి. ఉప్పు ఆఖర్న."

ఆమె పరుగున వెళ్లి గుడ్డు ఉడకబెట్టి తెచ్చింది. రెండు చెంచాలు తిని, చాల్లే అన్నాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని బతిమాలినా మూతి తిప్పేసుకున్నాడు. ఆకలి గుడ్డు కోసం పుట్టింది కాదు కదా. బయటి నుంచి ఆ వాసన ఇంకా వస్తూనే ఉంది. అతని ముక్కుపుటాలు కదలడం చూసింది నోనీ. "ఈ పెన్రోజ్ వాళ్లకి బుద్ధుందా? పక్కింట్లో మనిషి ఇలా ఉంటే ఊరంతా కంపు కొట్టిస్తారా?" అని కిటికీ మూయబోయింది.

"ఉండనీ నోనీ. వాసనే కదా."

ఒక్క క్షణం ఆగింది. కొవ్వు వాసన పీల్చినా పాపమే అని వాళ్లమ్మ గొంతు చెవిలో మోగింది. కిటికీ మూసేసింది. గదిలో ఉక్క పోసింది. క్లెమ్ మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం అతను కునుకులో ఉండగా నోనీ వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్‌లోంచి ఆ పొట్లం తీసింది. చాప్స్ అంచున కొవ్వు తెల్లగా, మందంగా ఉంది. మంచివి రెండు ఏరి, తుడిచి, వేరే పళ్లెంలో పెట్టి, మీద గుడ్డ కప్పింది. ఉప్పు వేయలేదు. పెనం తోమి పొయ్యి మీద సిద్ధంగా బోర్లించింది. తెల్లవారితే చాలు. ఎన్నో వారాల తర్వాత మొదటిసారి ఆమెకి చేతుల్లో పనున్నట్టు అనిపించింది. కూనిరాగం కూడా తీసింది, తర్వాత అది తల్చుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

తిరిగి గదిలోకి వచ్చేసరికి అతని ఊపిరి మారిపోయి ఉంది. లోపలికి వెళ్లిన గాలి బయటికి రావడానికి తొందర పడటం లేదు. నోనీ చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. జపమాల అతని వేళ్లకి చుట్టి, చెవి దగ్గర వంగి ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో కళ్లు తెరిచాడు.

"నువ్వు తిన్నావా?" అన్నాడు.

పొద్దున్నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. "తిన్నాను," అంది.

తలూపాడు. పిల్లలు ఊరేగింపు ముగించుకుని, బ్యాండు వాయించుకుంటూ తిరిగి వస్తున్నారు. వాళ్లు వీధి మలుపు తిరిగేసరికి క్లెమ్ పోయాడు.

నోనీ అరవలేదు. కళ్లు మూసింది, దవడకి గుడ్డ కట్టింది, మొహం తుడిచింది, శుభ్రమైన చొక్కా తొడిగింది. పెన్రోజ్ వాళ్ల కుర్రాణ్ని పిలిచి గుడికి కబురు పంపింది. ఆ తర్వాత కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. ఏడుపు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. కానీ ఆ ఏడుపు అడుగున గర్వం లాంటిదొకటి ఉంది, దాచడమెందుకు. చూశావా అమ్మా, చొక్కా విప్పలేదు. ఆకలేసి కూడా నోరు కట్టుకుని పోయాడు. పుట్టుకతో కతోలికులు ఎంతమంది పోతారు ఇలాగ? తిన్నగా వెళ్లి ఉంటాడు. పాపాల మరకలు కాల్చే ఉత్తరించు స్థలంలో కూడా ఆగి ఉండడు. నేను వెళ్లేసరికి గుమ్మంలోనే నిలబడి, ఇంతసేపేమిటని ఎగతాళి చేస్తాడు. ఆ ఊహని ఆమె రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఆ పూట ఆమెకున్నది అదొక్కటే.

ఇంకా పొద్దు వాలలేదు, ఫిల్ పరుగెత్తుకుంటూ వచ్చింది. హాల్లోంచి అలాగే వచ్చేసినట్టుంది. ఆకుపచ్చ రిబ్బను టోపీ, నడుముకి వంట గుడ్డ, చేతుల్లో గుడ్డ కప్పిన పెద్ద పళ్లెం. పళ్లెం వంటింటి బల్ల మీద పెట్టి, అక్కని కావలించుకుని బావురుమంది.

"ఏమన్నా తిన్నావా అక్కా నువ్వు? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. రాత్రికి జనం వస్తారు, ఓపిక ఉండాలి. హాల్లో మిగిలింది తెచ్చాను, రెండు ముద్దలు తిను," అని ఫిల్ గుడ్డ తీసింది.

నోనీ పళ్లెం చూసింది. రోజ్‌మేరీ వేసి కాల్చిన గొర్రె తొడ, ముక్కలుగా కోసి ఉంది. పక్కన ఉప్పులో ఊరేసిన గొడ్డుమాంసం, క్యాబేజీ.

"ఇదేమిటి?"

"ఏమిటేమిటి?"

"ఇవాళేం వారం ఫిల్?" ఆమె గొంతు వాళ్లమ్మ గొంతులా ఉంది. "శవం ఇంకా చల్లారలేదు. తపస్సు కాలం శుక్రవారం నాడు నా ఇంటికి మాంసం పట్టుకొస్తావా? ఆ మనిషి అక్కడ ఆకలితో పోయాడు, ముక్క ముట్టకుండా పోయాడు. నువ్వు, స్కల్లీ ఇంట పుట్టినదానివి, సిగ్గులేకుండా..."

ఫిల్ నోరు వెళ్లబెట్టింది. "అక్కా, ఇవాళ మినహాయింపు ఇచ్చారు కదా. కొత్త బిషప్‌గారు. ప్యాట్రిక్ పండుగ కాబట్టి అందరూ తినొచ్చని, పోయిన ఆదివారమూ, అంతకుముందు ఆదివారమూ పూజలో చదివారు కదా. నీకు..." అంటూండగానే, అక్క ఆ ఆదివారాలు పూజకి రాలేదని ఫిల్‌కి జ్ఞాపకమొచ్చింది.

"అందరూ తిన్నారా?" అంది నోనీ.

"నీకు తెలుసనుకున్నానే. అందుకే కదా నిన్న చాప్స్ తెచ్చింది."

"అందరూ తిన్నారా, ఊళ్లో?"

"తిన్నారు."

"పొద్దున వాసన మీదేనా? హాలుదా?"

ఫిల్ తలూపింది. నోనీ వెళ్లి బల్ల పక్కన కుర్చీలో కూర్చుంది. పొయ్యి మీద బోర్లించిన పెనం కేసి చూసింది, దాని పక్కన గుడ్డ కప్పిన పళ్లెం కేసి చూసింది.

"అడిగాడే ఫిల్," అంది. "ఎలా కాల్చాలో కూడా చెప్పాడు. వద్దన్నాను. వాసనైనా చూస్తానంటే కిటికీ మూసేశాను. ఊరంతా తింటుంటే, నా మొగుడొక్కడికే నేను కిటికీ మూశాను."

ఫిల్ వచ్చి అక్క తలని తన పొట్టకి ఆనించుకుంది. పళ్లెం తీసుకెళ్లి వెనక వరండాలో, కళ్లకి కనబడనిచోట పెట్టింది.

ఫాదర్ కినేన్ వచ్చేసరికి దీపాలు పెట్టారు. క్లెమ్ దగ్గర మోకరించి ప్రార్థన చేశాడు. లేచి నోనీ దగ్గరికొచ్చి, పోయినవాడు మంచి మరణం పొందాడనీ, అన్ని సంస్కారాలూ అందుకున్నాడనీ, ఇలాంటప్పుడు చెప్పే మాటలు చెప్పబోయాడు. నోనీ ఆపింది.

"ఫాదర్, ఒక్కటి చెప్పండి. ఇవాళ ఆయన మాంసం తిని ఉంటే పాపమయ్యేదా?"

ఫిల్ గాభరాగా ఫాదర్ వంక చూసి వద్దన్నట్టు తల తిప్పింది. కుర్రవాడు, అబద్ధం ఆడటం అతనికింకా రాలేదు.

"లేదమ్మా. ఇవాళ ఎవరికీ పాపం కాదు. ఆమాటకొస్తే జబ్బు మనిషికి ఏ శుక్రవారమైనా పాపం కాదు. ఉపవాసమైనా మాంసమైనా, రోగికి అడ్డు లేదు. ఎప్పుడూ లేదు."

"ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు."

కోడి చారు వెనక్కి పంపిన వాళ్లమ్మని తల్చుకుంది నోనీ. "మరి నాకెవరూ చెప్పలేదేం? మొన్న మీరు వచ్చారు. నాతో ఒక్క మాట అనకపోయారా?"

ఫాదర్ కుర్చీ జరుపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"మీవారితో చెప్పానమ్మా. పాపసంకీర్తనమంతా అయ్యాక, మామూలు మాటల్లోనే. ఏమీ తినట్లేదని మీరు బాధపడుతున్నారని, ఏది తినాలనిపిస్తే అది తినండి, వారంతో పనిలేదు, పైగా ఈ శుక్రవారం అందరికీ సెలవే అని చెప్పాను. ఆయన తెగ సంబరపడ్డాడు. మీకు చెప్పొద్దన్నాడు. 'శుక్రవారం నాడు నేనే అడుగుతాను ఫాదర్, అప్పుడు మా ఆవిడ మొహం చూడాలి, కాసేపు ఏడిపించి అప్పుడు చెబుతాను' అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను."

వీధిలో ఎవరో పండుగ పాట పాడుకుంటూ వెళ్లిపోయారు.

"ఆయనకి తెలుసా?" అంది నోనీ.

"తెలుసమ్మా."

"తెలిసి ఊరుకున్నాడా?"

పొద్దున జరిగింది ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. తను ఏమన్నదీ, అతను నోరు తెరిచి ఎలా ఆగిపోయిందీ, సరే అన్నదీ. ఫాదర్ వింటూ వింటూ కళ్లు తుడుచుకున్నాడు.

"మీరలా అన్నాక ఇక చెప్పబుద్ధి కాలేదేమో అమ్మా," అన్నాడు. "మీరు ఆయన కోసం అంత భయపడుతున్నారని, పై లోకంలో కూడా ఆయనే కావాలనుకుంటున్నారని విన్నాక, ఇదంతా తమాషా అని చెప్పి మిమ్మల్ని చిన్నబుచ్చలేకపోయి ఉంటాడు. చూడండి, ఆయన మానింది బిషప్ కోసం కాదు, నియమం కోసం కాదు. మీకోసం మానాడు. ఇంతకన్నా గొప్ప త్యాగం నేనెక్కడా చూడలేదు. దేవుడు దాన్ని ఊరికే పోనివ్వడు. మీరు దానికి సంతోషించాలి."

అతను మనసారానే చెప్పాడు. ఫిల్ కూడా అవునక్కా, అవునని తలూపింది. నోనీ ఇద్దరినీ చూసింది. తర్వాత మంచం మీద శుభ్రమైన చొక్కాలో ఉన్న క్లెమ్‌ని చూసింది.

"త్యాగమేమిటి ఫాదర్," అంది. "ఆకలేస్తోందన్నాడు. ఇన్నాళ్లకి ఆకలేస్తోందని నన్నడిగాడు. నేను పెట్టలేదు."